నేలకు దిగువన నిర్మాణము: నర్మెట్ట మెట్టసీమ మొదలు విశాఖ శిలాగర్భము వరకు ఒక సమీక్ష

నివాసమునకును వ్యాపారమునకును భూమికి దిగువన చోటు కల్పించుకొనవచ్చునా, కల్పించుకొన్నచో అది మేలగునా కీడగునా అను ప్రశ్న తెలుగుసీమలకు క్రొత్తది కాదు. జొన్నలను పాతరలో దాచిన కాపునకును, కొండను తొలిపించి విహారములు నిలిపిన బౌద్ధసంఘమునకును, సెల్లారు త్రవ్వించుచున్న నేటి గృహనిర్మాతకును ఇది ఎదురైనదే. అయితే నానాటికి హెచ్చుచున్న వేసవి తాపము, పట్టణభూముల ధర, గిడ్డంగుల కొరత అను మూడు కారణములు ఏకమై ఇటీవల చర్చను పెంచగా, సెల్లారులలో సంభవించిన అగ్నిప్రమాదములును వరదలును దానిని చిక్కుపరచినవి. ఒకరు చల్లదనమును కొనియాడుదురు. వేరొకరు స్థలలాభమును లెక్కించి చూపుదురు. మరియొకరు ప్రాణహానిని ఎత్తిచూపుదురు. ముగ్గురును చెప్పునది సత్యమే. కాని ముగ్గురును మాటాడుచున్నది ఒకే లోతును గూర్చి కాదు, ఒకే ఉపయోగమును గూర్చియు కాదు.

ఈ చర్చను జనగామ జిల్లాలోని నర్మెట్ట వంటి మెట్టసీమను ఎదుట నుంచుకొని, అవసరమైన చోట తెలుగుసీమల ఇతర దృష్టాంతములను, పరదేశముల అనుభవములను చేర్చి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఏ లోతున, ఏ నేలలో, ఏ పనికి అను మూడు ప్రశ్నలను విడదీసి అడుగనంతకాలము ఈ వాదము తీరదనియు, విడదీసి అడిగినచో చాలవరకు తానే తీరుననియు ఇందు ప్రతిపాదింపబడుచున్నది.

1. నేల స్వభావము

ఉమ్మడి వరంగల్లు జిల్లా నుండి ప్రధానముగా 2016 అక్టోబరు 11న వేరుపడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు పరిపాలనలో ఒకనాడు ఒకే గొడుగు క్రింద నున్నను, భూగర్భమున మాత్రము వేరువేరు లోకములు. నర్మెట్ట ప్రాంతమున పైన ఎర్రచెలక, దాని క్రింద మొరము, దాని క్రింద బీటలు వారిన రాయి, అటుపిమ్మట పగుళ్లు లేని గట్టి గ్రానైటు, నైసు శిలలు వరుసగా నుండును. మహబూబాబాదు జిల్లాలో గ్రానైటుతోపాటు పాకాల శిలాశ్రేణికి చెందిన ప్రాచీన అవక్షేపశిలలు కలవు. భూపాలపల్లి గోదావరి లోయకు చెందినది. అచట ఇసుకరాతి పొరల నడుమ బొగ్గు పరచుకొని యున్నది.

నర్మెట్ట నేలలో నిర్మాతకు ఎదురగు ప్రధానమైన చిక్కు ఈ పొరల వరుసలోనే ఉన్నది. మొరము పారకును గడ్డపారకును లొంగును. గట్టిరాయి కంప్రెసరు డ్రిల్లునకును మందుగుండునకును గాని లొంగదు. కావున స్వల్పవ్యయముతో త్రవ్వదలచినవారు మొరమునందే ఆగుదురు. కాని ఆ సీమలో భూగర్భజలము నిలుచునదియు ఆ మొరమునందును దాని క్రింది బీటలయందునే. త్రవ్వుటకు సులభమైన పొర యేదో నీరు పట్టు పొరయు అదియే యగుటచేత, చౌకగా లభించు లోతు ప్రమాదకరమైన లోతై, క్షేమకరమైన శిలాగర్భము సామాన్యునకు అందరాని వ్యయమున నున్నది. మోటబావులు త్రవ్విన వడ్డెర వృత్తికారులకు ఈ సత్యము చేతిపనిగా తెలిసినదే. నేటి సెల్లారు నిర్మాతలు దానిని తరచుగా మరచుచున్నారు.

నీటిమట్టము స్థిరమైనది కాకపోవుట రెండవ చిక్కు. కరవు కాలమున ఎండిన బావిని చూచి ఈ నేలలో నీరు లేదని నిశ్చయించి కట్టిన అడుగుగది, చెరువులు నిండిన ఏట నీటిలో మునుగవచ్చును. దేవాదుల ఎత్తిపోతల పథకమున గోదావరి జలము నర్మెట్ట మండలములోని బొమ్మకూరు జలాశయమునకు చేరుటయు, 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీయుటయు ఈ సీమ వ్యవసాయమునకు మేలు చేకూర్చు కార్యములు. కాని వాటివలన ఊటనీటి మట్టము మారునను సంగతిని భూమి క్రింద కట్టువారు లెక్కలోనికి తీసికొనక తప్పదు. నేలలోని నీరు గది అడుగుకన్న ఒక మీటరు ఎత్తునకు లేచినచో ఆ అడుగుపై ప్రతి చదరపు మీటరునకు ఇంచుమించు ఒక టన్ను బలముతో పైకి త్రోయును. పైబరువు చాలనిచో ఖాళీ తొట్టి గాని గది గాని పైకి తేలుటయు, అడుగు పగులుటయు సంభవించును.

2. పూర్వచరిత్ర

నేల క్రింద నివసించుట మానవజాతి ఎరుగనిది కాదు. కాశ్మీరములోని బూర్జహోమ్‌నందు నవీన శిలాయుగపు జనులు గుంటయిండ్లలో నివసించిరి. చైనాదేశపు లోయెస్ పీఠభూమిలో మెత్తని పసుపు మట్టిని తొలిచిన యావోదోంగ్ గృహములలో కోట్లాది జనులు తరతరములుగా కాపురముండిరి. తుర్కీదేశమున కప్పడోసియా సీమలోని డెరిన్కుయు నగరము మెత్తని అగ్నిపర్వత శిలలో సుమారు 85 మీటర్ల లోతు వరకు అంతస్తులుగా తొలువబడినది. ఈ సీమల కన్నిటికిని సామాన్యలక్షణము ఒకటి కలదు: చేతిపనిముట్టుకు లొంగి, లొంగిన పిమ్మట కూలక నిలుచునట్టి నేల, అందును సామాన్యముగా పొడిగా నుండు నేల.

తెలుగుసీమలలో అట్టి నేల అరుదు. ఇచట తొలిచినవి ప్రధానముగా కొండవాలులే. క్రీస్తుపూర్వ కాలమునకు చెందిన గుంటుపల్లి గుహావిహారములు, అనకాపల్లి సమీపమున బొజ్జన్నకొండ, సామాన్యముగా విష్ణుకుండినుల కాలమునకు ఆపాదింపబడు ఉండవల్లి గుహలు ఈ కోవకు చెందినవి. ఇవి పాతాళగృహములు కావు. ముఖము తెరచి గాలిని వెలుతురును లోనికి రానిచ్చి, వాననీటిని వెలుపలికి పోనిచ్చు నిర్మాణములు. నేలలోనికి దిగిన కట్టడములలో మెట్లబావులు శ్రేష్ఠమైనవి. వరంగల్లు శివనగరమునందలి మెట్లబావియు, పునరుద్ధరింపబడి 2022 డిసెంబరులో ప్రజలకు అంకితమైన సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావియు నీటిని తొలగించుటకు గాక నీటిని చేరుటకు భూమిలోనికి దిగిన శిల్పములు.

గ్రామజీవనమున నేల క్రింది చోటునకు పాతరయే ముఖ్యోదాహరణము. గట్టి మెరకనేలలో గొయ్యి త్రవ్వి, గడ్డితో అస్తరువేసి, జొన్నలు నింపి, మట్టితో గాలి చొరకుండ మూసినచో, గింజలును పురుగులును విడుచు శ్వాసచేత లోపలి ప్రాణవాయువు తరిగి బొగ్గుపులుసు వాయువు హెచ్చి పురుగు నశించును. నేటి శాస్త్రజ్ఞులు వాయుబంధిత నిల్వ యని బోధించు సూత్రము ఇదియే. పురుగును చంపిన ఆ గాలియే తొందరపడి దిగిన మనుష్యునికిని ప్రాణాంతకము కావున, మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపము దింపి చూచి గాని లోనికి దిగరాదను కట్టడి ఏర్పడినది. ధాన్యమునకు క్షేమమైన స్థలము మనుష్యునకు క్షేమము కాకపోవచ్చునను వివేకము ఈ ఒక్క ఆచారమున సంపూర్ణముగా నిమిడియున్నది.

పరిశ్రమల యుగమున భూగర్భప్రవేశము బొగ్గుతో ఆరంభమయ్యెను. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనగా, 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ సంస్థ ఆ పేరుతో ఏర్పడెను. భూపాలపల్లిలోని కాకతీయ ఖని గనులు ఆ పరంపరకు చెందినవే. బొగ్గుబాయి దిగు కార్మికుని అనుభవము ఈ చర్చకు పరమోపయుక్తము. ఏలయన భూమి క్రింద మనుష్యుడు దినదినము గంటల తరబడి మసలుటకు కావలసిన కట్టుబాట్లను మన సీమలో కఠినముగా నేర్చినది ఆ పరిశ్రమయే. గనిగాలిలో ప్రాణవాయువు 19 శాతమునకు తగ్గరాదనియు, బొగ్గుపులుసు వాయువు అర శాతమునకు మించరాదనియు బొగ్గుగనుల నిబంధనలు శాసించినవి. ఇంటి సెల్లారునకు గాలిని కొలుచువాడే లేడు.

3. వాదముల నాలుగు శాఖలు

*(అ) తాపనివారణ పక్షము.* 1973 నాటి చమురు సంకటము తరువాత అమెరికాలో మట్టికప్పు గృహముల ఉద్యమము బలపడెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున భూగర్భస్థల పరిశోధనకు ప్రత్యేక కేంద్రము నెలకొనెను. మాల్కం వెల్స్ అను వాస్తుశిల్పి భూమిపై పచ్చదనమును చెరుపని నిర్మాణమును జీవితవ్రతముగా ప్రచారము చేసెను. వీరి వాదమునకు ఆధారము భౌతికసూత్రము: కొన్ని మీటర్ల లోతునకు పోయిన పిమ్మట నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునను ఇంచుమించు స్థిరముగా నుండి, ఆ సీమ వార్షిక సగటు ఉష్ణోగ్రతకు చేరువగా నిలుచును. దక్షిణ ఆస్ట్రేలియాలో 1915లో ఓపల్ రత్నములు బయల్పడిన కూబర్ పీడీ పట్టణవాసులలో అనేకులు నేటికిని శిలను తొలిచిన ఇండ్లలో నివసించుచున్నారు.

ఈ వాదమును తెలంగాణమునకు అన్వయించునపుడు ఒక సవరణ అవసరము. చలిదేశపు నేల ఇచ్చు చల్లదనమును మన నేల ఇయ్యజాలదు. తెలంగాణమున వార్షిక సగటు ఇంచుమించు 27 డిగ్రీలు. వెలుపల 44 డిగ్రీల ఎండ కాయునపుడు 27 డిగ్రీల గది పరమసుఖమే. కాని జూలై, ఆగస్టులలో తేమనిండిన గాలి ఆ గదిలోనికి చొచ్చి నిలిచి గోడలకు బూజు పట్టించును. వేసవి మూడు నెలల లాభమును వర్షాకాలపు నాలుగు నెలల నష్టముతో తూచి చూడక చేయు ప్రశంస అసమగ్రము.

*(ఆ) స్థలలాభ పక్షము.* పారిస్ నగరమున 1933లో ఎదువార్ ఉతుజియాన్ భూగర్భ నగరనిర్మాణమునకు అధ్యయనసంఘమును స్థాపించినది మొదలు ఈ పక్షము వర్ధిల్లుచున్నది. 1962లో ఆరంభమైన మాంట్రియల్ భూగర్భ నగరము నేడు 30 కిలోమీటర్లకు పైబడిన మార్గములతో దుకాణములను, కార్యాలయములను, రైలుస్థానములను కలుపుచున్నది. ఫిన్లాండు రాజధాని హెల్సింకి 2010లో నగరమంతటికిని భూగర్భ ప్రణాళికను ఆమోదించినది. హెల్సింకి క్రింద నున్న శిల మన దక్కను శిలవలెనే అతిప్రాచీనమైన గ్రానైటు, నైసు జాతులకు చెందినది కావున, గట్టిరాయి భూగర్భ నిర్మాణమునకు శత్రువు కాదు, మిత్రమే యని ఈ పక్షమువారు చెప్పుట యథార్థము. అయితే హెల్సింకిలో రాతిని తొలుచునది పురపాలకసంఘమును, దాని అనుమతి పొందిన పెద్దసంస్థలును. ఆ వ్యయమును భరించునది నగరభూమి విలువ. నర్మెట్టలో ఆ విలువ లేదు. పక్కన చెలక యుండగా అడుగున రాయి తొలుచుట గృహస్థునకు లాభసాటి కాదు. హైదరాబాదున నున్న హేతువు పల్లెపట్టున లేదని స్పష్టముగా గుర్తింపవలెను.

*(ఇ) నిక్షేప పక్షము.* మనుష్యులను గాక వస్తువులను భూగర్భమున నుంచవలెననునది ఈ పక్షపు మతము. అమెరికాలోని కాన్సాస్ సిటీలో సున్నపురాతి గనులను గిడ్డంగులుగను వ్యాపారస్థలములుగను మార్చిరి. అచట ఏడాది పొడవునను ఉష్ణోగ్రత స్థిరముగా నుండుటచే ఆహారపదార్థములను, చలనచిత్రపు రీళ్లను, పత్రములను భద్రపరచుదురు. తెలుగుసీమలో దీనికి మహోదాహరణము విశాఖపట్టణము. అచట సముద్రతీరపు శిలాగర్భమున 60,000 టన్నుల వంటగ్యాసును నిలువచేయు గుహలు 2007లో ఉపయోగములోనికి వచ్చినవి, 2015లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వకు వేరొక గుహాసముదాయము సిద్ధమైనది. ఈ గుహలకు ఉక్కుకవచము లేదు; చుట్టునున్న శిలలోని నీటి ఒత్తిడి లోపలి ఒత్తిడికన్న ఎక్కువగా నుండునట్లు నిలిపి, నీటినే ప్రాకారముగ చేసి ఇంధనమును బయటికి పోనీయక బంధించుదురు. సెల్లారునకు శత్రువైన భూగర్భజలము ఇచట కాపరియైనది.

ఈ కోవలోనే యంత్రస్థలములను చేర్చవచ్చును. శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రము 150 మెగావాట్ల యంత్రములు ఆరింటితో 900 మెగావాట్ల సామర్థ్యము కలది. కరీంనగరు జిల్లా లక్ష్మీపురమున కాళేశ్వరము ఎత్తిపోతలలో భాగమైన భూగర్భ పంపుహౌసునందు 139 మెగావాట్ల పంపులు ఏడు నెలకొన్నవి.

*(ఈ) ప్రాణరక్షా పక్షము.* నేల క్రింద ప్రమాదము సంభవించినచో పొగ పైకి, నీరు క్రిందికి, మనుష్యుడు పొగ పోవు దారినే పైకి పోవలసివచ్చుననునది వీరి మూలవాక్యము. 2020 ఆగస్టులో శ్రీశైలము భూగర్భ కేంద్రమున అగ్ని రేగి 9 మంది మరణించిరి. అదే ఏడు అక్టోబరున హైదరాబాదును ముంచెత్తిన వానలలో సెల్లారులు చెరువులైనవి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక వసతిగృహము దిగువ భాగమున విద్యుత్ స్కూటర్ల దుకాణములో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు వ్యాపించి 8 మంది అసువులు బాసిరి. 2024 జూలై 27న ఢిల్లీలో నేలమాళిగ గ్రంథాలయమున వాననీరు చొచ్చి సివిల్ సర్వీసుల అభ్యర్థులు ముగ్గురు మరణించిరి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగమున పైకప్పు కూలి 8 మంది చిక్కుకొనిరి. ఇట్టి వరుసను ఎదుట నుంచుకొని భూగర్భమున మనుష్యనివాసమే వలదను వారి ఆవేదనను తేలికగా కొట్టివేయుట తగదు.

అయితే ఈ ప్రమాదములు ఒకే జాతివి కావు. సొరంగపు కూలుడు శిలాపరీక్షకును త్రవ్వకపు పద్ధతికిని సంబంధించినది. వసతిగృహపు మంట అనుచితోపయోగమునకును నిష్క్రమణమార్గ లోపమునకును సంబంధించినది. గ్రంథాలయపు వరద నిల్వకై అనుమతించిన చోట జనులను చేర్చుటవలన ప్రాణాంతకమైనది. అన్నిటిని ఒకే రాశిగా పోసి నిషేధము కోరుటవలన ఆయా దోషములకు తగిన చికిత్స జరుగదు.

4. తులనాత్మక సంగ్రహము

నాలుగు పక్షములను ఉపయోగభేదముచేత ఇట్లు పోల్చవచ్చును.

మొదటిది, *నిత్యనివాసము*. లాభము: వేసవిలో చల్లదనము. నష్టము: తేమ, మందగాలి, వెలుతురు లేమి, నిష్క్రమణ కష్టము. నర్మెట్ట వంటి సీమలో స్థలము కొరత లేనందున నష్టమే అధికము. కొండవాలున ఒకవైపు తెరచిన గృహము, లేదా గోడలకు మట్టికట్ట చేర్చిన గృహము చల్లదనమును చాలవరకు ఇచ్చుచు నష్టములను తగ్గించును.

రెండవది, *దుకాణము, వసతిగృహము, పాఠశాల, శిక్షణకేంద్రము*. దారి తెలియని జనులు గుంపుగా చేరు స్థలములు కావున ఇవి అన్నిటికన్న ప్రమాదకరమైనవి. రెండు వేరువేరు నిష్క్రమణమార్గములు, యాంత్రిక వాయుప్రసారము, పొగ తొలగించు ఏర్పాటు ఉన్ననే ఆలోచింపదగినవి.

మూడవది, *వాహనస్థలము*. నగరములలో అనివార్యము, గ్రామములలో అనావశ్యకము.

నాలుగవది, *ధాన్యము, విత్తనము, దుంపలు మొదలగువాని నిల్వ*. నీటిమట్టమునకు పైన, మెరకనేలలో, సగము నేలలోను సగము పైనను కట్టిన కొట్టునకు ఈ సీమలో మిక్కిలి అవకాశము కలదు. పాతర సూత్రమునే సిమెంటుతోను గాలిచొరని పొరలతోను పునరుద్ధరింపవచ్చును.

ఐదవది, *ఇంధనము, యంత్రములు, జలవాహిక*. లోతైన గట్టిశిల వీనికి ఉత్తమము; కాని ఇది ప్రభుత్వము, పెద్దసంస్థలు చేయదగిన కార్యమే గాని గృహస్థునిది కాదు.

5. శాసనస్థితి

2012 ఏప్రిల్ 7 నాటి 168వ సంఖ్య ప్రభుత్వోత్తర్వు ద్వారా వెలువడిన భవననిర్మాణ నియమములు సెల్లారును ప్రధానముగా వాహనములు నిలుపుటకు ఉద్దేశించినవి. స్వల్పభాగమున జనరేటరు, విద్యుత్పరికరములు మొదలగువానికి తావిచ్చి, నివాసమునకు వాడరాదనినవి. స్థలవిస్తీర్ణము పెరిగినకొలది సెల్లారు గోడ సరిహద్దునుండి ఎక్కువ దూరమున నుండవలెననినవి. వర్షాకాలమున సెల్లారు త్రవ్వకములను నిలిపివేయుడని హైదరాబాదు నగరపాలక సంస్థ ఆదేశించుట పరిపాటియైనది. ఏలయన ఒకని గొయ్యి పక్కవాని పునాదికి ఆధారమైన మట్టిని జార్చును. పక్కనేల తన నేలకు ఇచ్చు సహజమైన ఆనికను పొందు హక్కును 1882 నాటి సౌకర్యహక్కుల చట్టమే గుర్తించినది.

భూమి క్రిందిది ఎవరిదను ప్రశ్నకు 2013లో సర్వోన్నత న్యాయస్థానము కేరళ భూస్వాముల వ్యాజ్యమున సమాధానము చెప్పెను: శాసనము వేరుగా హరింపనంతవరకు అడుగుభూమియు అందలి ఖనిజములును నేలయజమానుని హక్కును అనుసరించును. ఇది ఖనిజములకు సంబంధించిన తీర్పు. ఎంత లోతువరకు కట్టుకొనవచ్చునో నిర్ణయించునది కాదు. ఈ విషయమున పరదేశములు స్పష్టముగా ముందుకు పోయినవి. జపాను 2000లో చేసిన ప్రత్యేక శాసనముచేత మహానగరములలో 40 మీటర్లకు దిగువనున్న స్థలమును ప్రజాకార్యములకు వినియోగించు వీలు కల్పించినది. సింగపూరు 2015లో చట్టమును సవరించి, తన ప్రమాణతలమునకు 30 మీటర్ల దిగువ వరకే నేలయజమానుని హక్కు చెల్లునని తేల్చినది. మనకు లోతుననుసరించిన అట్టి విభజన ఇంకను ఏర్పడలేదు.

6. తీరని అంశములు

మొదటిది వాయుపరీక్ష. గ్రానైటులో స్వల్పముగా నుండు యురేనియము నుండి రాడాన్ వాయువు వెలువడును. మూసిన గదిలో అది పేరుకొనిన శ్వాసకోశములకు హాని. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఘనపు మీటరునకు 100 బెకరెల్‌లను లక్ష్యప్రమాణముగా సూచించినది. గ్రానైటు సీమయైన తెలంగాణమున నేలమాళిగలకు ఈ పరీక్షను విధిగా చేయవలెనా అను ప్రశ్న భవననియమములలో చోటు పొందవలసి యున్నది.

రెండవది నీటిచరిత్ర. గత ఐదారేండ్ల బావిమట్టము చాలునా, లేక ఎత్తిపోతల జలము పూర్తిగా చేరిన పిదప ఏర్పడబోవు మట్టమును ఊహించి కట్టవలెనా అను విషయమున ఏకాభిప్రాయము లేదు. 2011లో దేవాదుల సొరంగములోనికి చలివాగు నీరు చొచ్చి పనులు చిరకాలము స్తంభించుట, శిలను ఎరిగినవారికిని నీటిని ఎరుగుట ఎంత దుష్కరమో చూపినది.

మూడవది పాతగనుల భవిష్యత్తు. బొగ్గు తీసిన ఇసుకరాతి శూన్యములు సున్నపురాతి గనులవలె స్వయముగా నిలుచునవి కావు. గ్యాసు, ఊట, కప్పు కూలుట వాటి సహజదోషములు. కావున కాన్సాస్ సిటీ మార్గమును భూపాలపల్లికి యథాతథముగా తెచ్చుట కుదరదు. విడిచిన గ్రానైటు క్వారీల నిలువుగోడలను ఆనుకొని గిడ్డంగులు కట్టుట దీనికన్న ఆచరణయోగ్యమైన మార్గముగా తోచుచున్నది.

7. నిర్ణయము

భూమి క్రింద నిర్మాణము అభ్యుదయమనియు అపాయమనియు గంపగుత్తగా తీర్పు చెప్పుట శాస్త్రీయము కాదు. నర్మెట్ట వంటి మెట్టసీమలో వస్తువులు నేలలోనికి పోవచ్చును, మనుష్యులు నేలపైననే యుండవలెను. నీరును విద్యుత్తును మోయు మహానిర్మాణములు లోతైన శిలలోనికి పోవచ్చును, గృహస్థుని గొయ్యి మొరములోని నీటిపొరకు ఎగువననే ఆగవలెను. ఈ విభజనను పంచాయతీ మొదలు నగరపాలకసంస్థ వరకు ప్రతి అనుమతిపత్రమునందును వ్రాయవలెను. త్రవ్వుటకు పూర్వము ఒక వర్షాకాలమంతయు సమీపపు బావి మట్టమును కొలిచి నమోదు చేయుట, ఏ పనికై అనుమతి పొందెనో ఆ పనికే వాడుచున్నారా అని ఏటేట తనిఖీ చేయుట, జనులు చేరు ఏ నేలమాళిగకైనను రెండవ మార్గమును ఆకాశమునకు తెరచియుంచుట అను మూడు విధులు భారీవ్యయమును కోరునవి కావు. వీనిని పాటించి యుండినచో పైన పేర్కొనిన సెల్లారు దుర్ఘటనలలో అధికభాగము నివారింపబడి యుండెడిది. స్థలము చాలకపోవుట ఎన్నడును ప్రాణము తీయలేదు. నిల్వకై కట్టిన చోట మనుష్యులను కూర్చుండబెట్టుట తీసినది. కావున ఇకమీదట చర్చ ఎంత లోతునకు పోగలమను ప్రశ్నతో గాక, అచటికి ఎవరిని పంపుచున్నామను ప్రశ్నతో ఆరంభము కావలెను.